సింగడి వెనక్కాళ్లు: 22 వారాల లెక్క

సింగడికి పదకొండేళ్లు. నాటుకుక్కకూ లాబ్రడార్‌కూ పుట్టిన మగకుక్క. కుడి వెనక్కాలు ఈడుస్తున్నాడు. పొద్దున లేవడానికి ముందుకాళ్ల మీద బరువు వేసి, నడుం ఊపి, రెండో ప్రయత్నంలోనో మూడో ప్రయత్నంలోనో లేస్తాడు. నేను కడపలో మోటారు వైండింగ్ షాపు నడుపుతాను. పశువైద్యం నాకు తెలీదు. తెలిసింది కొలవడం, రాసుకోవడం. ఆకులూ నూనెలూ పొడులూ ఏవేవి వాడానో, ఏది ఎంత పని చేసిందో, ఎక్కడ డబ్బు నీళ్లపాలైందో ఇక్కడ ఉంది. ఎవరైనా ఇదే పని పెట్టుకుంటే నా తప్పులు మళ్లీ చేయనక్కర్లేదు.

దశ 1: కొలతలు (నవంబరు ఆఖరు, 0వ వారం)

నాలుగు కొలతలు పెట్టుకున్నాను.

1. పొద్దున 6 గంటలకు పడుకున్నచోటి నుంచి నాలుగు కాళ్ల మీద నిలబడేదాకా ఎన్ని సెకన్లు. ఫోన్‌లో వీడియో తీసి చూడాలి, చేతి గడియారం పనికిరాదు.
2. పడక నుంచి తిండిగిన్నె దాకా 7 మీటర్ల దారిలో వెనక్కాళ్లు ఎన్నిసార్లు జారాయి.
3. రెండు తొడల చుట్టుకొలత.
4. బరువు.

మూడింటిలో తప్పు చేశాను. లేచే సమయం మూడుసార్లు తీసి సగటు కట్టాను. మొదటిసారి 9 సెకన్లు, రెండోసారి 6, మూడోసారి 5. సగటు చూస్తే ఫరవాలేదనిపించింది. చల్లటి వైండింగ్ రీడింగునూ వేడెక్కిన వైండింగ్ రీడింగునూ కలిపి సగటు కట్టే పిల్లవాణ్ని నా షాపులోనే తిడతాను. కీళ్లు బిగుసుకుపోయేది రాత్రంతా కదలకుండా పడుకున్నాకే. కాబట్టి మొదటిసారి లేచింది ఒక్కటే లెక్క. వారంలో ఏడు పొద్దున్ల సగటు వేసుకుంటున్నాను.

తొడకు టేపు పెడితే ఒకే రోజు 37, 38.5, 36.5 వచ్చాయి. టేపు ప్రతిసారీ వేరే చోట పడుతోంది. వాణ్ని పక్కకు పడుకోబెట్టి, మోకాలి చిప్ప నుంచి పైకి 9 సెంటీమీటర్ల దగ్గర కాస్త వెంట్రుకలు కత్తిరించి గుర్తు పెట్టుకున్నాక తేడా అర సెంటీమీటరులోకి వచ్చింది.

బరువుకు 900 పెట్టి ఇంటి స్కేలు కొన్నాను. వాణ్ని ఎత్తుకుని నిలబడి, నా బరువు తీసేయడం. రెండు రోజుల్లో నా నడుమే పట్టింది, పైగా స్కేలు అర కిలో అటూ ఇటూ ఊగుతోంది. ఇప్పుడు తెలిసిన చెనక్కాయల వ్యాపారి గోడౌన్‌లో పెద్ద కాటా మీద ఆదివారం ఆదివారం తూస్తున్నాం. బస్తాల పక్కన సింగడు బుద్ధిగా నిలబడతాడు.

మా అమ్మ చూసి, "ఏం నాయనా, కుక్కకు కూడా టేపు పెట్టి కొలుస్తాండావే?" అంది.

0వ వారం: లేవడం 9.2 సెకన్లు. జారడం 5 సార్లు. కుడి తొడ 36.5, ఎడమ 39 సెం.మీ. బరువు 32.4 కిలోలు.
ఖర్చు ఇప్పటిదాకా: 900.

దశ 2: ఆముదం, వావిలాకు కాపడం (1వ వారం)

ఆముదం అమ్మ సలహా. గోరువెచ్చగా చేసి తుంటికి, తొడకు రుద్దాను. రుద్దేటప్పుడు కళ్లు మూసుకున్నాడు, బాగుందనే అనుకున్నాను. గంట తర్వాత చూస్తే కాలంతా శుభ్రంగా నాకేసి ఉంది. ఆముదం కడుపులోకి పోతే ఏమవుతుందో వేరే చెప్పాలా? రెండు రోజులు ఇల్లు కడగడమే పని. నీళ్లలా పోతుంటే ముసలి కుక్కకు ఒంట్లో నీరు తగ్గిపోతుంది, అది కీళ్లనొప్పి కంటే ప్రమాదం. ఆముదం ఆపేశాను.

ఇంట్లో ఉన్న నొప్పుల బామ్ రాద్దామని మా ఆవిడ అంది. డబ్బా మీద చదివితే కర్పూరం, మిథైల్ సాలిసిలేట్. రెండోది ఆస్పిరిన్ జాతి మందు. రెండూ కుక్క నాకితే విషమే. ఒంటి మీద ఏం రాసినా అది కడుపులోకి పోతుందనే లెక్కలో ఉండాలి.

కాపడం మాత్రం నిలిచింది. మొదటిరోజు పెనం మీద గళ్లుప్పు వేయించి, వావిలాకు కలిపి మూట కట్టాను. చేతికి ఫరవాలేదనిపించింది. మల్టీమీటర్‌కు థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) తగిలించి మూటలో పెడితే 61 డిగ్రీలు! పనివాడి చెయ్యి మొద్దుబారి ఉంటుంది, దాన్ని నమ్మకూడదు. ఇప్పుడు పద్ధతి ఇది:

1. ఉప్పు వేయించి, మూట కట్టి, పక్కన పెట్టాలి.
2. మూట పైభాగం 42 డిగ్రీలకు దిగాక మొదలుపెట్టాలి.
3. మధ్యలో ఒక పొర తువాలు. ఒక చోటే ఆనించి ఉంచకుండా 10 నిమిషాలు.
4. లేవాలని చూస్తే వదిలేయాలి.

నాలుగు రోజులు వావిలాకుతో, నాలుగు రోజులు ఒట్టి ఉప్పుతో చేశాను. లేచే సమయంలో తేడా ఏమీ లేదు. పని చేసేది వేడి. ఆ వాసన సింగడికి నచ్చదు, తుమ్ముతాడు. అయినా అమ్మ ఎదురుగా ఉన్న రోజు నాలుగాకులు వేస్తాను.

నల్లేరు గురించి కూడా రోజూ గొడవే. "మీ అబ్బ కాలు విరిగినపుడు నల్లేరే గదా కట్టింది" అంటుంది అమ్మ. విరిగిన ఎముక అతుక్కోవడం వేరు, కీలు అరిగిపోవడం వేరు అని నా వాదన. పచ్చి నల్లేరు కోస్తే చేతులు దురద పెడతాయి, అందులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ ఉంటుంది. కుక్క గొంతులోకి అది పోనివ్వదలచుకోలేదు. పచ్చడి మేమే తిన్నాం.

ఖర్చు: ఆముదం 120. మొత్తం 1,020.

దశ 3: ప్రొద్దుటూరు (2వ వారం)

ఇది మొదటి దశగా ఉండాల్సింది. రెండు వారాలు ఏం జబ్బో తెలియకుండానే వైద్యం చేశాను. కుంటడానికి ఎముక క్యాన్సర్ కావచ్చు, వెన్నులో నరం నొక్కుకుపోవచ్చు, మోకాలి లిగమెంటు తెగి ఉండవచ్చు. పైనుంచి చూస్తే అన్నీ ఒకటే.

ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకు బాడుగ కారులో తీసుకుపోయాం. ఎక్స్‌రేలో రెండు తుంటి కీళ్లూ అరిగి ఉన్నాయి, కుడివైపు ఎక్కువ. బంతిలా గుండ్రంగా ఉండాల్సిన ఎముక తల చదునైంది, అంచుల్లో కొత్త ఎముక మొలిచింది. ఇది తగ్గిపోయే జబ్బు కాదు, నొప్పిని అదుపులో ఉంచుకోవాలి, బరువు తగ్గించాలి అన్నారు డాక్టరు గారు. రక్తపరీక్షలో కిడ్నీ, లివరు బాగున్నాయని చూసుకున్నాకే మెలాక్సికామ్ అనే నొప్పి మాత్రలు ఏడు రోజులకు ఇచ్చారు. తిండితోనే వేయాలి. వాంతులైనా, మలం నల్లగా తారులా వచ్చినా వెంటనే ఆపాలి.

మనుషుల నొప్పి మాత్రలు వేయవద్దని గట్టిగా చెప్పారు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు తెస్తాయి, కిడ్నీలు పాడు చేస్తాయి. పారాసిటమాల్ కూడా మన ఇష్టానికి వేసేది కాదు.

నాకు బాగా పనికొచ్చింది ఈ ఏడు రోజుల రీడింగు. ఆరో రోజు లేవడం 5.1 సెకన్లు. మాత్రలు అయిపోయాక అయిదు రోజుల్లో మళ్లీ 8.4. అంటే నొప్పి బాగా తగ్గితే ఈ కుక్క 5 సెకన్లలో లేవగలదు. ఇకపై ఏ ఆకు, ఏ పొడి వాడినా దాన్ని ఈ 5.1 పక్కన పెట్టి చూడాలి. ఈ అంకె లేకపోతే మూలికల మీద రాసిందంతా ఊహాగానమే అయ్యేది. మరీ కుంటిన రోజుల కోసం మాత్రలు కొన్ని విడిగా ఇచ్చారు.

ఖర్చు: బాడుగ, ఎక్స్‌రే, రక్తపరీక్ష 3,100. మాత్రలు 210. మొత్తం 4,330.

దశ 4: నేల (3, 4 వారాలు)

నాపరాళ్లకు పేరుపడ్డ కడపలో ఉండి ఇది నాకు తట్టకపోవడం సిగ్గుచేటు. ఇల్లంతా పాలిష్ పట్టిన నాపరాయి. మా నాన్న ముచ్చటపడి అద్దంలా పట్టించాడు. లేచేటప్పుడు వెనక్కాళ్లు చెరోవైపు జారిపోతున్నాయి. వీడియో నెమ్మదిగా తిప్పి చూస్తే తెలిసింది, 9 సెకన్లలో సగం నొప్పి వల్ల కాదు, పట్టు దొరక్క.

మొదటి ప్రయత్నం గోనెసంచులు. సంచితో సహా జారి బోర్లా పడ్డాడు. ఆ రోజంతా కుంటాడు. తప్పు పూర్తిగా నాది.

రెండో ప్రయత్నం యోగా మ్యాట్లు, రెండు. వారంలో గోళ్లతో చీల్చి, ఒక మూల నమిలి మింగాడు.

మూడోది నా షాపు తెలివి. కరెంటు ప్యానెల్ బోర్డుల ముందు పరిచే గీతల రబ్బరు మ్యాట్. మందం, బరువు ఉంటుంది, కదలదు. పడక నుంచి గిన్నె దాకా 7 మీటర్లు కొన్నాను. మూడు రోజులు ఎండలో వేస్తే కంపు పోయింది. అంచులకు రెండువైపులా అంటుకునే టేపు.

అదే వారం గోళ్లు కత్తిరించాను. గోళ్లు పెరిగితే పాదం మెత్తటి భాగం నేలకు ఆనదు. ఒక నల్లగోరు లోతుగా కోసి రక్తం తెప్పించాను. పసుపు అద్దితే ఆగింది. ఈ మొత్తం వ్యవహారంలో పసుపు అప్పటికప్పుడు పని చేసింది అక్కడొక్కచోటే. ఇప్పుడు పది రోజులకోసారి కొసలు మాత్రం, రెండు మిల్లీమీటర్లు.

4వ వారం: లేవడం 6.6 సెకన్లు. జారడం 5 నుంచి సున్నా, ఎప్పుడైనా 1.
ఖర్చు: యోగా మ్యాట్లు 900, రబ్బరు 2,380, టేపు 180. మొత్తం 7,790.

దశ 5: పసుపు (5 నుంచి 9వ వారం)

విడిగా అమ్మే పొడిలో రంగు కలుపుతారన్న భయంతో మైదుకూరు వైపు పసుపు కొమ్ములు తెప్పించి మిల్లులో పట్టించాను. ముద్ద చేసే పద్ధతి:

1. పావు కప్పు పసుపు, అర కప్పు నీళ్లు, సన్నసెగ మీద 8 నిమిషాలు.
2. దించాక కొబ్బరినూనె రెండున్నర పెద్ద చెంచాలు, అప్పుడే దంచిన మిరియాల పొడి ముప్పావు చిన్న చెంచా.
3. సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో. వారం దాటితే పారేయాలి.

మిరియాలు, నూనె ఎందుకంటే పసుపులో వాపు తగ్గిస్తుందనే పదార్థం, కర్‌క్యుమిన్, ఒంటికి సరిగా పట్టదు. నీళ్లలో కరగదు, కరిగినంత కూడా లివరు త్వరగా బయటికి పంపేస్తుంది. మిరియాల్లోని పైపెరిన్ ఆ వేగాన్ని తగ్గిస్తుంది. ఇదంతా చదివి మురిసిపోయాను గానీ ఒక లెక్క వేయడం మరిచాను. పసుపులో కర్‌క్యుమిన్ నూటికి మూడు వంతుల చిల్లరే. రోజుకు మూడు గ్రాముల పొడి పోతే అందులో కర్‌క్యుమిన్ 90 మిల్లీగ్రాములు, ఒంటికి పట్టేది అందులో ఎంతో.

మొదటిరోజే పూర్తి మోతాదు వేస్తే విరేచనం పట్టింది. తర్వాత పావు చెంచాతో మొదలుపెట్టి రెండు వారాల్లో పెంచాను. మూతి, తువాలు, గోడ, నా లుంగీ అన్నీ పచ్చబడ్డాయి. మాత్రలు వేసే రోజు పసుపు వేయలేదు. రెండూ కడుపు మీద, రక్తం గడ్డకట్టడం మీద పని చేసేవే.

9వ వారం: లేవడం 6.5 సెకన్లు. అంటే మార్పు లేదు. బరువు 33 కిలోలు!

అర కిలోకు పైగా పెరిగాడు. మధ్యలో సంక్రాంతి వచ్చింది, చుట్టాలంతా తలా ఒక అరిసె ముక్క పెట్టారు, అదొక కారణం. రెండోది నేనే. నూనె చిన్న చెంచాకు 40 క్యాలరీలు. పసుపుతో పాటు రోజూ ఆ నూనె అదనంగా పోశాను. కీళ్లకు మందనుకుని కీళ్ల మీద బరువు పెంచాను. పసుపు ఆపేశాను.

ఖర్చు: 460. మొత్తం 8,250.

దశ 6: తిండి, వాలుబల్ల, నడక (9 నుంచి 14వ వారం)

27 కిలోలుండాల్సిన కుక్క అని డాక్టరు గారి అంచనా. ఆ బరువుకు రోజుకెన్ని క్యాలరీలో మామూలు క్యాలిక్యులేటర్‌తో కట్టొచ్చు. 27ను మూడుసార్లు గుణిస్తే 19,683. దాని వర్గమూలం, దానికి మళ్లీ వర్గమూలం తీస్తే 11.84. దాన్ని 70తో గుణిస్తే సుమారు 830. మా వాడు అప్పటిదాకా తిన్నది కూడితే నాకే భయమేసింది. పాప సాయంత్రం వేయించిన చెనక్కాయలు గుప్పెడు పెడుతుంది. ముప్పై గ్రాములే, కానీ 170 క్యాలరీలు, రోజు మొత్తంలో అయిదో వంతు. అమ్మ పెట్టే సంగటి ముద్ద, నెయ్యి వేరే.

అమ్మను ఒప్పించడం కష్టమైంది. "నోరు లేని జీవిని కడుపు మాడుస్తావా?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. 48 లాబ్రడార్ పిల్లలను చిన్నప్పటి నుంచి గమనించి, 2002లో ప్రచురించిన పరిశోధన సంగతి చెప్పాను. సగం కుక్కలకు పావు వంతు తిండి తగ్గించి పెట్టారు. అవి సుమారు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్లవాతమూ వాటికి ఆలస్యంగా వచ్చింది. "రెండేండ్లా?" అంది. అంతే, మర్నాటి నుంచి ముద్ద ఆగింది.

ఇప్పటి తిండి, రోజుకు, గ్రాముల కాటా మీద తూచి:

1. సంచిలో వచ్చే కుక్కల పొడి మేత 180 గ్రాములు, 650 క్యాలరీలు. సంచి మీద నూరు గ్రాములకు ఎన్ని క్యాలరీలో రాసి ఉంటుంది.
2. తోలు తీసి ఉడికించిన కోడి రొమ్ముమాంసం 100 గ్రాములు, 165 క్యాలరీలు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను పగలగొడతాయి.
3. కడుపు నిండడానికి ఉడికిన సొరకాయ. ఇది మాత్రం తూచను.

వాకిలి మెట్ల ఎత్తు 45 సెంటీమీటర్లు. 120 సెంటీమీటర్ల ప్లైవుడ్‌తో వాలుబల్ల చేస్తే 22 డిగ్రీల వాలు వచ్చింది. ఎక్కనని కూర్చున్నాడు. 180 సెంటీమీటర్లకు మార్చి, నడిమధ్య కింద ఇటుకలు పెట్టి, పైన యోగా మ్యాట్ మిగిలిన ముక్కలు మేకులతో బిగిస్తే వాలు 14 డిగ్రీలకు దిగింది. మూడో రోజు ఎక్కాడు. ఆ మ్యాట్లు అట్లా కొంతైనా అక్కరకొచ్చాయి.

నడక ఒకేసారి 40 నిమిషాలు ఉండేది. రోజుకు మూడుసార్లు, పదేసి నిమిషాలు చేశాను. 12వ వారంలో ఉషారుగా ఉన్నాడని 35 నిమిషాలు తిప్పాను. మర్నాడు లేవడం 8 సెకన్లు, మాత్ర వేయాల్సి వచ్చింది.

14వ వారం: లేవడం 5.9 సెకన్లు. బరువు 31.7.
ఖర్చు: వాలుబల్ల 1,500, గ్రాముల కాటా 450. మొత్తం 10,200. మేత ఖర్చు ఇందులో కలపలేదు.

దశ 7: అందుగు బంక (14 నుంచి 20వ వారం)

కీళ్లనొప్పులకు శల్లకి పేరుతో అమ్మేది అందుగు చెట్టు బంకే. నల్లమలలో ఉంది. ఒక కస్టమరు శేషాచలం వైపు నుంచి పచ్చి బంక తెస్తానన్నాడు. వద్దన్నాను. అక్కడి కొండ సాంబ్రాణి దీనికి చుట్టమే గానీ వేరే జాతి, పైగా తూర్పు కనుమల్లో తప్ప ఎక్కడా దొరకని చెట్టు. కుక్క కాలి కోసం దానికి గొడ్డలి గాట్లు పెట్టించలేను.

అందుగు బంకను పది కిలోల బరువుకు 400 మిల్లీగ్రాముల లెక్కన 29 కుక్కలకు ఆరు వారాలు ఇచ్చిన పరిశోధన ఒకటి 2004లో వచ్చింది. రెండు వారాలకే ఎక్కువ కుక్కల్లో మెరుగు కనిపించింది. అయితే మందు ఇవ్వని కుక్కల గుంపును పక్కన పెట్టి పోల్చలేదు. కొన్నింటికి విరేచనాలు పట్టి తగ్గాయి. డాక్టరు గారికి ఫోన్ చేసి అడిగి, మళ్లీ రక్తపరీక్ష చేయించి, 400 మిల్లీగ్రాముల గుళికలు రోజుకు మూడు మొదలుపెట్టాను. ఈసారి నూనె లేదు, ఇంకేమీ మార్చలేదు. పెన్నేరు గడ్డ (అశ్వగంధ) కూడా వేద్దామన్న వాళ్లున్నారు. రెండు కలిపి వేస్తే ఏది పని చేసిందో ఎట్లా తెలుస్తుంది?

16వ వారం 5.6 సెకన్లు. 18వ వారం 5.3. 20వ వారం 5.2, దాదాపు మాత్రల అంకె! బరువు 30.3. కుడి తొడ 37.4, ఎడమ 38.4. మొదట రెండు తొడలకూ రెండున్నర సెంటీమీటర్ల తేడా ఉండేది, ఇప్పుడు ఒక్కటే. కుడికాలు మీద బరువు వేస్తున్నాడన్నమాట.

ఇక్కడే డైరీలో ఇంకో గడి చూసుకున్నాను. మొదటిరోజు నుంచి పొద్దున గది ఉష్ణోగ్రత కూడా రాస్తున్నాను, అలవాటు కొద్దీ. జనవరిలో 19. ఏప్రిల్ నడిమికి 28. చలి పోతే అరిగిన కీళ్లు ఎట్లాగూ కొంత సడలుతాయి. పైగా లావు కుక్కలు బరువులో ఆరు శాతం తగ్గేసరికే కుంటు తగ్గుతుందని తేలిన సంగతే. సింగడు ఆ గీత దాటింది సరిగ్గా 17వ వారంలో. బంక, ఎండ, బరువు మూడూ ఒకే నెలలో కలిసొచ్చాయి. 5.9 నుంచి 5.2కు దిగడంలో ఎవరి వాటా ఎంతో ఈ అంకెలతో విడదీయలేను.

ఖర్చు: గుళికలు 1,350, రక్తపరీక్ష 600. మొత్తం 12,150. ఇందులో నీళ్లపాలైంది: స్కేలు, ఆముదం, యోగా మ్యాట్లు, పసుపు కలిపి 2,380. రబ్బరు మ్యాట్ ఖరీదు కూడా సరిగ్గా అంతే.

22వ వారం (ఏప్రిల్ ఆఖరు)

20వ వారం నుంచి గుళికలు ఆపి చూస్తున్నాను. మొదటి వారం 5.2, రెండో వారం 5.3. బరువు 29.9. మాత్ర వేసి ఇరవై రోజులైంది.

నడక పొద్దున అయిదున్నరకు మార్చాను. మధ్యాహ్నం రెండింటికి ఇంటి ముందు తారురోడ్డు మీద థర్మోకపుల్ పెడితే 58 డిగ్రీలు. సాయంత్రం ఆరుకు కూడా 43 ఉంది. సాయంత్రపు నడక రాత్రి తొమ్మిదికి.

గుళికలు ఒక డబ్బా మిగిలింది. మూత మీద తేదీ రాసి పెట్టాను. కార్తీకంలో పొద్దున గది 20కి దిగినప్పుడు, బరువు 27 దగ్గర నిలిచాక, రెండు వారాలు వేసి రెండు వారాలు ఆపి, అట్లా మూడుసార్లు చూడాలి. గుళిక ఉన్న రోజు ఏదో, లేని రోజు ఏదో నాకు చెప్పకుండా పాప వేస్తానంది. గుళిక లేని రోజు చికెన్ ముక్క ఒట్టిదే పెట్టాలి. సింగడికి రెండూ ఒకటే, నమలకుండా మింగుతాడు.